బ్లేడ్ సర్వర్ల పెట్టె: కరెంటు లెక్క, ఫర్మ్‌వేర్ వరస

(చేవెళ్లలో జరిగిన మన సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో సాధారణంగా డి.ఎ. బకాయిలు, మెడికల్ బిల్లులు, లైఫ్ సర్టిఫికెట్లు, ఇవే మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శిగారు నన్ను పట్టుకుని, "రిటైరయ్యాక ఏడేళ్లు కంప్యూటర్ల గదిలో పనిచేశావు గదా, అక్కడేం చేశావో చెప్పు" అన్నారు. కరెంటువాడికి కంప్యూటర్లతో ఏం పని అని మీలో కొందరికి అనిపించవచ్చు. నాకూ మొదట అలాగే అనిపించింది.

అడగడానికి కారణం కూడా ఉంది. మన పక్కనే షాబాద్ మండలం చందనవెల్లిలో డేటా సెంటర్ వచ్చింది. అమెజాన్ వారు హైదరాబాద్ చుట్టూ డేటా సెంటర్లకు 20,761 కోట్ల రూపాయలు పెడతామని 2020 నవంబరులో ప్రకటన వచ్చింది. 2022 నవంబరులో అవి పని మొదలుపెట్టాయి. వాటి స్థలాల్లో చందనవెల్లి ఒకటి. మన పిల్లలు, మనుమలు కొందరు అలాంటి చోట్ల ఉద్యోగాలకు పోతున్నారు. వాళ్లు ఇంటికొచ్చి 'ఎ ఫీడ్, బి ఫీడ్' అంటే మనకు అర్థం కాకపోవడమేమీ లేదు. జీవితమంతా మనం చేసింది అదే. అంత పెద్ద చోట్ల సంగతి నాకు తెలియదు. నేను చూసింది ఒక మోస్తరు కంపెనీ కంప్యూటర్ గది, అందులో ఒక్క పెట్టె. ఆ పెట్టె గురించే చెబుతాను.

దాన్ని బ్లేడ్ ఎన్‌క్లోజర్ అంటారు. మామూలు సర్వర్ అయితే ప్రతిదానికీ తన పవర్ సప్లై, తన ఫ్యాన్లు, తన వైర్లు ఉంటాయి. పదహారు సర్వర్లుంటే వెనకాల వైర్ల గుట్ట. బ్లేడ్ పద్ధతిలో కంప్యూటర్‌ను పలకలాగా సన్నగా చేసి, పుస్తకాల అలమరలో పుస్తకంలాగా నిలబెట్టి తోసేస్తారు. పవర్ సప్లైలు, ఫ్యాన్లు, నెట్‌వర్క్ స్విచ్‌లు అందరికీ ఉమ్మడి. ఇలాంటివి 2001లో ఆర్.ఎల్.ఎక్స్. టెక్నాలజీస్ అనే కంపెనీతో అమ్మకానికొచ్చాయి. 2002లో ఐ.బి.ఎం. బ్లేడ్‌సెంటర్ వచ్చింది. ఆ రోజుల్లో ఎక్కువ చోట్ల కనబడింది 2006లో హెచ్.పి. తెచ్చిన సి-7000 రకం. మా గదిలో ఉన్నదీ ఆ రకమే. పదిహేడున్నర అంగుళాల ఎత్తు, అందులో పదహారు చిన్న బ్లేడ్లు, వెనక పది ఫ్యాన్లు, ఎనిమిది స్విచ్‌ల అరలు, కింద ముందువైపు ఆరు పవర్ సప్లైలు. నిండా నింపితే రెండువందల కిలోలు దాటుతుంది. నలుగురు లేపితే లేచేది కాదు, బ్లేడ్లన్నీ బయటికి తీసి ఖాళీ పెట్టెను ఎక్కించాలి.

ఈ పెట్టెకు ఒక ఆపరేటర్ ఉంటాడు. మనిషి కాదు, ఒక చిన్న కార్డు. దాని పేరు ఆన్‌బోర్డ్ అడ్మినిస్ట్రేటర్. మన సబ్‌స్టేషన్ ఆపరేటర్‌లాంటిదే. ఒకటి చెడిపోతే ఇంకొకటి ఉండాలని రెండు పెడతారు, ఒకటి డ్యూటీలో, ఒకటి రిజర్వులో. ప్రతి బ్లేడులోనూ ఐలో అనే ఇంకో చిన్న చిప్పు ఉంటుంది. దాన్ని లైన్‌మన్ అనుకోండి. బ్లేడు వెలిగించాలంటే ముందు లైన్‌మన్ ఆపరేటర్‌ను అడగాలి: "నాకు ఇన్ని వాట్లు కావాలి, ఇస్తావా?" ఆపరేటర్ లెక్క చూసి, ఉంటే సరే అంటాడు, లేకపోతే కుదరదంటాడు. బటన్ నొక్కినా బ్లేడు వెలగదు. మొదటిసారి చూసినప్పుడు నాకు చాలా ముచ్చటేసింది. మన రోజుల్లో ప్రతి మోటారూ ఇలా అడిగి స్టార్టయి ఉంటే ఎన్ని ట్రాన్స్‌ఫార్మర్లు బతికేవి!

ఇప్పుడు అసలు లెక్క. వినేవాళ్లు కొంచెం ఓపిక పట్టాలి, ఎందుకంటే నా తప్పు ఈ లెక్కలోనే ఉంది.

ఆరు పవర్ సప్లైలు, తొలి రోజుల్లో వచ్చినవి ఒక్కొక్కటి 2250 వాట్లు. మొత్తం 13,500. కానీ ఆ మొత్తం మనది కాదు. మూడింటిని 'ఎ' వైపు కరెంటుకు, మూడింటిని 'బి' వైపు కరెంటుకు కలుపుతారు. రెండు వైపులా వేరే వేరే యు.పి.ఎస్.లు. ఒక వైపు మొత్తం పోయినా పెట్టె నడవాలంటే లోడు మూడింటి సామర్థ్యం దాటకూడదు, అంటే 6750 వాట్లు. ఆపరేటర్ కార్డుకు 'ఎ.సి. రిడండెంట్' అని సెట్టింగు పెడితే ఆ హద్దు దాటి ఏ బ్లేడునూ వెలగనివ్వదు. ఇంకో సెట్టింగు ఉంది, 'పవర్ సప్లై రిడండెంట్'. దీనిలో ఆరింటిలో ఒకటి చెడిపోతే చాలు తట్టుకునేటట్టు చూస్తుంది, అంటే అయిదింటి సామర్థ్యం, 11,250 వాట్ల దాకా ఇస్తుంది. మూడో సెట్టింగులో ఏ జాగ్రత్తా లేదు, ఉన్నదంతా వాడుకో అంటుంది.

మనకిది కొత్త కాదు. 33/11 కె.వి. సబ్‌స్టేషన్‌లో రెండు 5 ఎం.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మర్లు ఉన్నాయి. ఒక్కోదాని మీద మూడున్నర ఉంది. రెండూ చల్లగా, హాయిగా ఉన్నట్టు కనబడతాయి. ఒకటి పోయిన రోజు రెండోదాని మీద ఏడు పడుతుంది. మీటరు ముందు కూర్చున్నవాడికి మూడున్నర కనిపిస్తుంది, ఏడు కనిపించదు.

నేను రిటైరయింది 2012లో. ఆ వెంటనే ఒక ప్రయివేటు సంస్థ వాళ్లు తమ కంప్యూటర్ గదికి యు.పి.ఎస్., జనరేటరు, ఎ.సి. మెషిన్లు చూసుకోవడానికి తీసుకున్నారు. పేరు ఎందుకు, వాళ్ల మీద నాకేం కోపం లేదు. వేరే కంపెనీల కార్మికులకు జీతాల లెక్కలు వేసి, బ్యాంకులకు పంపడం వాళ్ల పని. ఎక్కువమంది కాంట్రాక్టు మీద పనిచేసే స్వీపర్లు, సెక్యూరిటీ గార్డులు. ఆ జీతాల లెక్కంతా మన పెట్టెలోనే.

2015లో ఒక నెల చివర, 'ఎ' వైపు యు.పి.ఎస్. బ్యాటరీలు మార్చాలి. ఆ వైపు మొత్తం ఆపాలి. పాత అలవాటు కొద్దీ నేను అక్కడ కూడా లైన్ క్లియర్ పద్ధతి పెట్టాను. ఎల్.సి. ఇవ్వనిదే ఎవడూ స్విచ్చు ముట్టకూడదు. కుర్రాళ్లు నవ్వేవాళ్లు, కానీ పాటించేవాళ్లు. ఆ రోజు సాయంత్రం ఏడు గంటలకు నేను పెట్టె ముందుకెళ్లి చూశాను. ఆరు పవర్ సప్లైలూ పచ్చ లైటు. చిన్న తెర మీద కూడా అంతా బాగుందనే ఉంది. రెండు వైపులా కరెంటు ఉంది గదా, ఒక వైపు తీస్తే రెండోది మోస్తుంది, దానికోసమే గదా రెండు పెట్టింది అనుకున్నాను. సంతకం పెట్టి ఎల్.సి. ఇచ్చాను.

స్విచ్చు తీసిన రెండు మూడు క్షణాల్లో గది నిశ్శబ్దమైపోయింది. కంప్యూటర్ గదిలో పనిచేసినవాళ్లకు తెలుస్తుంది, పది ఫ్యాన్ల హోరు ఆగితే గుండె కూడా ఆగినట్టుంటుంది.

ఏం జరిగిందంటే, నాలుగు నెలల ముందు కొత్త తరం బ్లేడ్లు కొన్నారు. వాటిలో చివరి రెండూ వెలగలేదు. తెర మీద 'పవర్ చాలదు' అని వచ్చింది. ఒక కుర్ర ఇంజనీరు సెట్టింగుల్లోకి వెళ్లి, 'ఎ.సి. రిడండెంట్' తీసేసి 'పవర్ సప్లై రిడండెంట్' పెట్టాడు. రెండు బ్లేడ్లూ వెలిగాయి. అందరూ సంతోషించారు. పెట్టె కుదరదని చెప్పింది నిజం, అతను దాని నోరు మూశాడు. ఎవరికీ చెప్పలేదు, ఎక్కడా రాయలేదు. లోడు 7,800 వాట్లయింది. ఆరింటి మీద పంచితే ఒక్కోదానికి 1,300, అందుకే పచ్చ లైట్లు. ఒక వైపు తీసేసరికి మూడింటి మీద 7,800 పడింది. వాటి శక్తి 6,750. అవి ఆగిపోయాయి. పవర్ సప్లై తనను తాను కాపాడుకుంది, దానిలో దాని తప్పేం లేదు.

ఆ కుర్రవాణ్ణి అందరూ తిట్టారు. నేను తిట్టలేదు. ఎందుకంటే నా జేబులో క్లాంప్ మీటరు ఉంది. 'ఎ' వైరుకు ఒకసారి, 'బి' వైరుకు ఒకసారి తగిలిస్తే చెరి 19 ఆంపియర్లు కనబడేవి. రెండూ కూడితే 38. ఒక్కో వైపు బ్రేకరు 32 ఆంపియర్లది. ఈ కూడిక అయిదో తరగతి పిల్లవాడు చేస్తాడు. 32 బ్రేకరు 38కి వెంటనే పడదు, కాసేపు ఓర్చుకుంటుందని మీకూ తెలుసు, కానీ ఆ మాత్రం తేడా చూసినవాడు ఎల్.సి. ఇవ్వడు. ముప్పయి మూడేళ్లు ఫీడర్ల మీద కొలిచినవాణ్ణి, ఆ రోజు లైటు రంగు చూసి సంతకం పెట్టాను. విచారణలో కూడా ఇదే చెప్పాను.

జీతాల లెక్క సగంలో ఉండగా ఆగింది. డేటాబేసును మళ్లీ సరిచేసుకోవాలి, ఏ బ్యాంకుకు పోయింది, ఏ బ్యాంకుకు పోలేదు అని ఒక్కొక్కటీ చూడాలి. జీతాలు రెండు రోజులు ఆలస్యమయ్యాయి. పెద్ద జీతం ఉన్నవాళ్లకు రెండు రోజులు లెక్కలోకి రాదు. మా గది ఊడ్చే ఆమె ఒకటో తారీఖు పొద్దున చీపురు పక్కన పెట్టి, "సారూ, పైసలు ఇయ్యాల పడ్తయా? ఇంటి కిరాయి అడుగుతున్నరు" అని అడిగింది. ఆమె జీతం ఆమె ఊడ్చే గదిలోని ఆ పెట్టెలోనే ఆగి ఉందని ఆమెకు తెలియదు. నేను చెప్పలేకపోయాను. "రేపు చూద్దాం తల్లీ" అన్నాను. రేపు కూడా పడలేదు.

సరే, ఆ రాత్రి సంగతికొస్తాను. కరెంటు ఇవ్వడానికి రెండు నిమిషాలు చాలు. కానీ పెట్టెలో అన్ని బ్లేడ్లూ ఒకేసారి లేస్తే? మీకు ఆటో స్టార్టర్లు గుర్తుండాలి. చేవెళ్ల, మొయినాబాద్ ఫీడర్ల మీద గ్రూపుల వారీగా మూడు ఫేజుల కరెంటు ఇచ్చిన రోజులు. రైతు రాత్రిపూట బావి దగ్గరికి పోలేక ఆటో స్టార్టరు పెట్టుకునేవాడు, అతని బాధ అతనిది. ఫీడరు ఛార్జి చేయగానే వందల మోటార్లు ఒక్క క్షణంలో లేచేవి, బ్రేకరు ఠక్కున పడేది. మళ్లీ ఛార్జి, మళ్లీ ట్రిప్పు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల కరెంటు మొదలుపెట్టినప్పుడు కూడా ప్రభుత్వం ముందుగా అడిగింది ఆటో స్టార్టర్లు తీసేయమనే. ఈ పెట్టె తయారుచేసినవాళ్లకు ఆ బుద్ధి ముందే ఉంది. ఏది ముందు లేవాలి, ఏది ఎన్ని సెకన్ల తర్వాత లేవాలి అని వరస పెట్టుకోవచ్చు. ముందు నెట్‌వర్క్ స్విచ్‌లు, ఆ తర్వాత బ్లేడ్లు. డిస్కుల అలమర పెట్టె బయట ఉంటుంది కాబట్టి దాన్ని మనమే ఇంకా ముందు లేపాలి. మా దగ్గర ఈ వరస ఎవరూ పెట్టలేదు. ఆ రాత్రి నేను కాగితం మీద రాసి ఒక్కో బ్లేడునే లేపించాను. ముందుగా సెట్టింగు 'ఎ.సి. రిడండెంట్'కు మార్పించి, ఆ కొత్త రెండు బ్లేడ్లనూ ఆపి ఉంచాను. వాళ్లకు అది నచ్చలేదు.

అప్పుడే ఇంకో మాట వచ్చింది. "సార్, ఎలాగూ అంతా ఆగిపోయింది, పనిలో పని ఫర్మ్‌వేర్ కూడా అప్‌గ్రేడ్ చేసేద్దాం" అన్నాడు ఇంకో కుర్రవాడు. నేను వద్దన్నాను. ఒక రాత్రి ఒక్కటే మార్చాలి బాబూ, రేపు పొద్దున ఏదైనా నడవకపోతే కరెంటు వల్లనా, ఫర్మ్‌వేర్ వల్లనా అని ఎలా తెలుస్తుంది అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను.

ఫర్మ్‌వేర్ అంటే ఏమిటో రెండు మాటలు. మనం చేరిన రోజుల్లో సి.డి.జి. రిలేలు ఉండేవి. డిస్కు తిరిగేది, ప్లగ్గు పెట్టి, టైము ముల్లు తిప్పి సెట్ చేసేవాళ్లం. కంటికి కనబడేది, చేతికి తగిలేది. తర్వాత న్యూమరికల్ రిలేలు వచ్చాయి. వాటి లోపల చిప్పులో ఒక ప్రోగ్రాము ఉంటుంది, రిలే ఎప్పుడు పనిచేయాలో అదే తేలుస్తుంది. అదే ఫర్మ్‌వేర్. కంప్యూటర్‌లో మనం నడిపే సాఫ్ట్‌వేర్ వేరు, యంత్రం తన లోపల తాను నడుపుకునేది ఇది. మా పెట్టెలో లెక్కపెట్టాను: బ్లేడుకు ఐలో, బయాస్, నెట్‌వర్క్ కార్డు, డిస్క్ కంట్రోలరు, ఇలా నాలుగు. పదహారు బ్లేడ్లకు అరవై నాలుగు. రెండు ఆపరేటర్ కార్డులు, స్విచ్‌లు కలిపితే డెబ్బయికి దగ్గర. ఇవన్నీ ఒకదాని మాట ఒకటి అర్థం చేసుకోవాలి. కొత్త తరం బ్లేడు పెట్టాలంటే ఆపరేటర్ కార్డులో కనీసం ఫలానా వెర్షను ఉండాలని కంపెనీ రాసి ఇస్తుంది. ఏ వెర్షన్లు ఒకదానితో ఒకటి కుదురుతాయో పరీక్షించి, 2012 నుంచి హెచ్.పి. ఒకే మూటగా కట్టి ఇచ్చేది. మా దగ్గర అప్పటికి రెండేళ్లుగా ఎవరూ ఆ మూట విప్పలేదు. నడుస్తోంది గదా, ముట్టడం ఎందుకని.

ఆ భయంలోనూ న్యాయం ఉంది. చిప్పులో కొత్త ప్రోగ్రాము రాస్తుండగా కరెంటు పోతే, సగం పాతది సగం కొత్తది మిగిలి ఆ కార్డు ఇక లేవకపోవచ్చు. అందుకే ఫర్మ్‌వేర్ పని మొదలుపెట్టేముందు చూడాల్సింది కంప్యూటర్‌ను కాదు, కరెంటును. వచ్చే నెల మధ్యలో ఒక ఆదివారం పెట్టుకున్నాం, జీతాల రోజులకు దూరంగా. ముందు వారం 'ఎ' వైపు ఆపి చూశాం, పెట్టె నిలబడింది. 'బి' వైపు ఆపి చూశాం, నిలబడింది. ఈసారి క్లాంప్ మీటరు చేతిలోనే ఉంది. జనరేటరుకు డీజిలు నింపాం, అరగంట లోడు మీద నడిపాం. అప్పుడు ఆదివారం పని.

వరస ఇది. ముందు ఆపరేటర్ కార్డు సెట్టింగులన్నీ బయటికి తీసి దాచుకున్నాం. కార్డు పాస్‌వర్డు దగ్గర ఒక గంట పోయింది. పెట్టెతోపాటు వచ్చిన కార్డుకు ఒక చీటీ కట్టి ఉంటుంది, తొలి పాస్‌వర్డు దాని మీదే ముద్రిస్తారు. మధ్యలో ఒక కార్డు మార్చారు, దాని చీటీ ఏమైందో ఎవరికీ తెలియదు. చివరికి స్టోరు గుమాస్తా సొరుగులో రబ్బరు బ్యాండ్ల కింద దొరికింది. తర్వాత ఆపరేటర్ కార్డులు రెండూ అప్‌గ్రేడ్ చేసి, రెండింటిలో ఒకే వెర్షను ఉందని చూసుకున్నాం. ఆపరేటర్ కార్డు ఆగి లేస్తున్నంతసేపు నడుస్తున్న బ్లేడ్లు ఆగవు, కానీ ఫ్యాన్లు ఒక్కసారి హోరెత్తాయి. కుర్రవాడు భయపడి నా చెయ్యి పట్టుకున్నాడు. చూసుకునేవాడు లేనప్పుడు ఫ్యాన్లు ఎక్కువే తిరుగుతాయి బాబూ, మంచిదే అన్నాను. ఆ తర్వాత బ్లేడ్లు, ఒక్కో బ్లేడు మీది పనిని పక్క బ్లేడుకు మార్చి, ఒక్కోటే. చివరికి స్విచ్‌లు, ఒక వైపు పూర్తయి లైన్లన్నీ వచ్చాకే రెండో వైపు. పొద్దున ఆరుకు మొదలుపెడితే రాత్రి పదకొండయింది. వేరే చోట వరస వేరే ఉండవచ్చు, ఆ వెర్షనుతో వచ్చిన కాగితం ఏం చెబితే అదే చేయాలి. ఆ కాగితాన్ని చదివి వినిపించే ఉద్యోగం ఆ రోజు నాది.

కొత్త వెర్షను వచ్చాక ఇంకో సదుపాయం వాడుకున్నాం. పెట్టెకు మొత్తంగా ఒక వాట్ల హద్దు పెడితే, లోడు అక్కడికి చేరేసరికి ఆపరేటర్ కార్డు బ్లేడ్ల వేగం తగ్గిస్తుంది. ఆపదు, మెల్లగా నడిపిస్తుంది. మన లోడ్ రిలీఫ్‌లో ఫీడరే తీసేసేవాళ్లం, ఇది ఇంకొంచెం మర్యాద. ఆపి ఉంచిన రెండు బ్లేడ్లలో ఒకటి ఈ హద్దు కింద వెలిగింది. రెండోది వెలగలేదు, దాన్ని స్పేరుగా అట్టపెట్టెలో పెట్టించాను. ఇంకో సదుపాయం, లోడు తక్కువున్నప్పుడు కొన్ని పవర్ సప్లైలను నిద్రపుచ్చేది. మనం రాత్రి లోడు లేనప్పుడు ఒక ట్రాన్స్‌ఫార్మరు తీసేసి నో-లోడ్ లాసు మిగిల్చినట్టు. అది మంచిదే, కానీ మా లోడు ఎప్పుడూ నిండుగానే ఉండేది, అక్కడ మిగిలేదేమీ కనబడలేదు. వదిలేశాం.

ఆ రోజు నుంచి పెట్టె తలుపుకు ఒక లాగ్ పుస్తకం దారంతో కట్టాం. మన సబ్‌స్టేషన్‌లో ఉన్నట్టే: తేదీ, టైము, ఏం మార్చారు, ముందు ఏముంది, ఇప్పుడేముంది, 'ఎ' ఆంపియర్లు, 'బి' ఆంపియర్లు, రెండూ కూడితే ఎంత, సంతకం. కంప్యూటర్‌లోనే అన్నీ నమోదవుతాయి గదా సార్ అన్నారు. అవుతాయి. కానీ ఆ నమోదు పెట్టె ఆగిపోయిన రాత్రి మాకు కనబడలేదు, పుస్తకం అయితే టార్చిలైటుతో చదవవచ్చు.

2019లో నేను మానేశాను. ఆ తర్వాత వాళ్లు పనంతా క్లౌడ్‌కు మార్చుకుని, ఆ పెట్టెను తీసేశారని విన్నాను. పోయిన ఏడాది ఆ కుర్రవాడు, సెట్టింగు మార్చినవాడే, ఫోన్ చేశాడు. ఇప్పుడు ఒక డేటా సెంటర్‌లో పెద్ద ఉద్యోగంలో ఉన్నాడు. "సార్, ఇక్కడ షిఫ్టు మారేటప్పుడు 'ఎ'ని, 'బి'ని కూడి రాయమంటే పిల్లలు నవ్వుతున్నారు" అన్నాడు. రాస్తున్నారా లేదా అని అడిగాను. రాస్తున్నారట.

భోజనాలకు టైమయింది. ఇన్వర్టరు మీద ఎంత లోడు పెట్టవచ్చో అడుగుతామన్నవాళ్లు అక్కడ పట్టుకోండి. క్లాంప్ మీటరు తెచ్చాను.